చెవి బిళ్ళ

అరణియారు ఊళ్ళోకొచ్చి పోయిన మూడో నాడు
మోకాటి బురదలో నేను పోయింది
చచ్చినవాటిని ఫోటో తీయడానికి.

పశువుల సహాయకుణ్ణి.
పరిహారం రావాలంటే
కళేబరం కనబడాలి,
చెవి బిళ్ళ మీది నంబరు చదవను రావాలి,
పక్కన యజమాని నిలబడాలి,
పెళ్ళి ఫోటో మాదిరి.

కన్నయ్య ఎద్దు చింతమానుకీ గోడకీ మధ్య ఇరుక్కుని ఉంది.
తీశాను.
గొర్రెలు పదకొండు, ముళ్ళకంచెకు ఒకదాని మీదొకటి.
విడదీసి, బిళ్ళలు తుడిచి, ఒక్కోదాన్నీ తీశాను.
వాటి పక్కన మణెమ్మ కొడుకు ముక్కు మూసుకుంటే
చెయ్యి తియ్యమన్నాను,
ముఖం కనబడాల కదా.

దేశమ్మ ఇంటికాడ కట్టుగొయ్య ఉంది.
పలుపు ఉంది, తెగినచోట పీచు లేచి.
కుడితి తొట్టి నిండా ఇసుక.
ఆవు లేదు.

"నన్ను యాడ నిలబడమంటావు నాయనా?"

రెండేళ్ళ కిందట ఆ బిళ్ళ కొట్టింది నేనే.
తల విదిలించి నా చొక్కా మీద
నాలుగు చుక్కలు చల్లింది.
"చెవి కుట్టిస్తే ఏడవని ఆడబిడ్డ యాడుంది" అంటా
దేశమ్మ ఆ గాయానికి పసుపు అద్దింది.

ఆ పన్నెండంకెలూ ఆమెకు నోటికొచ్చు.
చదువు రాదు,
పాల కేంద్రం కాడ చెప్పీ చెప్పీ వచ్చిన నంబరది.
నాలుగేసి అంకెలుగా విరిచి,
దిష్టి తీసే మాటల్లాగా చెప్పింది.
కొట్టాను.
ఫోటో పెట్టమంది ఫోను.
కట్టుగొయ్యను తీసి పెట్టాను.
పశువు కనబడలేదంది.

వారానికి ఎవరో చెప్పారు,
ఏరు దిగువన, ఊత్తుకోట దాటినాక
ఎర్రావు ఒకటి ఒడ్డుకు కొట్టుకొచ్చిందని.
తొలి బస్సుకే పోయింది.
జేసీబీతో గుంత తవ్వి
అన్నిటినీ కలిపి పూడ్చేసినారంట,
పైన సున్నం చల్లినారంట.
ఏం రంగుది అని అడిగిందంట, వచ్చీరాని అరవంలో.
బురద రంగు అన్నారంట.

సచివాలయం గోడకు జాబితా అతికించారు.
ఆ వారమంతా ఊళ్ళో ఫోన్లు కుయ్యి కుయ్యిమన్నాయి.
చెంగల్రాయులు కౌలుకు నాటిన వరి
ఇసుకమేట కింద పోయింది,
డబ్బులు మాత్రం మద్రాసులో ఉండే భూమిదారు ఖాతాలో పడ్డాయి.
"ఎంత పడింది సామీ" అని
చెంగల్రాయులే ఫోను చేసి కనుక్కున్నాడు.
దేశమ్మ గోడకాడ నిలబడి
మనవరాలి చేత పైనుంచి కిందికి రెండుసార్లు చదివించుకుంది.
నన్నేమీ అడగలేదు.
అడిగుంటే బాగుండేది.

మాఘమాసంలో గాలికుంటు టీకాలు.
ఐసు డబ్బా భుజానేసుకుని వీధి మొదట్లోకి వచ్చానో లేదో
ఎదురొచ్చింది, ఫోను చాపుకుంటా.

*మీ పశువుకు టీకా వేయించవలెను*
అని ఉంది అందులో.
కింద ఆ పన్నెండంకెలే.

"చూస్తివా" అంది,
"మీ లెక్కలో అది ఇంకా బతికే ఉండాదంట."
కొంగుతో ఫోను అద్దం తుడిచింది.
"మరి పాలెవురు పిండుకుంటా ఉండారు నాయనా?"

వెనకాల కన్నయ్య కొత్త ఎద్దును పట్టుకుని
తొందర చేస్తా ఉన్నాడు.
దానికి వేశాను. మణెమ్మ కొన్న రెండు పిల్లలకీ వేశాను.
వీధి చివరిదాకా వేసుకుంటా పోయాను.

పొద్దుగూకి డబ్బా తెరిచి లెక్క చూసుకుంటే
వచ్చిన డోసులకీ వేసిన డోసులకీ
ఒకటి తేడా.