బోర్లేసిన రాయి

ఈ ఊళ్లె నేను గీయని తోరణం లేదు.
బస్టాండు గోడ మీద, నీళ్ల ట్యాంకు మీద,
పెండ్లి కార్డుల మీద, కల్లు కాంపౌండు గేటు మీద,
ఒకసారి సులభ్ కాంప్లెక్సు మీద గూడ.
రెండు నిలువులు, మీద అడ్డం, కొసకొకటి హంస.
కండ్లు మూసుకున్నా చెయ్యి అదే గీస్తది.

అందుకే స్వరూప టీచరు ఇంటికొచ్చి
"బిక్షపతన్నా, మన కోటను మనమే బాగు చేసుకుందాం" అంటే
మళ్ల తోరణమేనా అని మొఖం మాడ్చిన.
"బ్రష్షు ఇంట్ల పెట్టు, పార తే" అన్నది.

మొదటి ఐతారం తొమ్మిది మందిమి.
అగడ్తల దిగితే మోకాలి దాక గుర్రపుడెక్క,
దాని కింద గ్లాసులు, స్కూటర్ సీటు,
ఎవరిదో దేవుని పటం, అద్దం పగలకుండ.
"దండెత్తి వచ్చినోళ్లు గూడ
ఇంత చెత్త పొయ్యలేదు గదనే"
కరెంటు మొగిలి నవ్విండు, వాని నోరు ఊకుండదు.
రెండో ఐతారం నలుగురిమే.
మూడో ఐతారం వాన.
నాలుగోసారి ముప్పై మంది.
యాకూబ్ పాషా ఉడకబెట్టిన గుడ్లు తెస్తుండన్న ముచ్చట
అప్పటికే వాడంత పాకింది.

గోడలన్నిటికి ఒక్కటే రంగు అన్నరు.
మాది పచ్చగనే ఉండాలె అని ఒకాయన
నిచ్చెన కింద కుర్చీ ఏసుకొని కూసున్నడు.
ఆయన గోడ ఇప్పటికీ పచ్చగనే ఉన్నది.

తర్వాత రాళ్ల లెక్క.
ఎవరి ఇంట్ల చెక్కిన రాయి ఉన్నా చెప్పుండ్రి,
కేసులు లేవు, తిట్లు లేవు అన్నది టీచరు.
చాయ్ హోటల్ పొయ్యి కింద ఏనుగు వీపు బయటపడ్డది.
బర్రెను కట్టేసే గుంజకు నడుమున ముత్యాల వడ్డాణం.
అందరం నేలచూపులు చూసినం.

యాకమ్మ ఇంటెన్క బట్టలుతికే బండ
సాఫుగ ఉన్నది, ఒక్క గీత లేదు.
పోదాం పాండ్రి అని మర్రినం.
ఆమెనే పిలిచింది:
"ఆగుండ్రి. తిప్పి చూడుండ్రి."

ఆరుగురం గడ్డపారలు పెట్టి లేపినం.
కింద సల్లటి మట్టి, ఉరుకుతున్న జెర్రి,
మెడలు సాపుకొని ఏడు హంసలు,
ఒక్కొక్కదాని ముక్కున తామర తూడు.
రెక్కల ఈక గూడ అరగలేదు.

"ఉతుకుతె పిట్టలు అరుగుతయి, బోర్లేసుకో అన్నది
మా అత్త కొంరమ్మ.
ఆమెకు వాళ్లత్త చెప్పిందట."

ముప్పై ఏండ్ల సంది హంసలు గీస్తున్న.
నా హంసలు ఎన్నడూ ఏదీ తినలేదు.
ఆ బురద చేతులతోటే
నేను కొంచెం పక్కకు పోయి నిలబడ్డ.

"తీస్కపోతె తీస్కపోండ్రి,
మరి నా బట్టల సంగతేంది?"
మొగిలి బామ్మర్ది క్వారీల పని చేస్తడు.
ట్రాలీ ఆటోల కొత్త బండ వచ్చింది,
దింపుతుంటే పాషా బొటనవేలు నలిగింది.

బోర్డు రాసే పని నాకే పడ్డది.
శతాబ్దం, రాయి రకం, ముట్టరాదు,
ఆఫీసోళ్లు కాయితం మీద ఇచ్చింది ఇచ్చినట్టు రాసిన.
దాచినోళ్ల పేర్లు రాద్దామంటే
అట్ల రూల్స్ లేవన్నరు.
చీకటి పడ్డంక పోయి బోర్డు వెనుక రాసిన:
యాకమ్మ,
ఆమె అత్త కొంరమ్మ,
ఆ అత్తకు అత్త
అని, పేరు తెల్వక
బెత్తెడు జాగ ఇడిసిన.

అగడ్తల మళ్ల గుర్రపుడెక్క లేస్తున్నది.
నిన్న గుడ్ల డబ్బా పట్టుకొని పాషా కుంటుకుంట పోతుండు.
యాకమ్మ కొత్త బండ మీద దుప్పటి గుంజుకుంట
నన్ను చూసి అరిచింది:
"ఏం రాయి తెచ్చిండ్రయ్యా, బట్టలన్ని పీకుతున్నది!"
జర సేపు ఆగి, చెయ్యి తడుపుకొని
దాని మీద ఒకసారి రాసి చూసి,
"ఏమైతదిలే, ఒక యాభై ఏండ్లు ఉతుకుతె
నునుపుకొస్తది."