నాలుగు నిమిషాలు

ఊట్కూరు పశువుల దవాఖానకూ
మనుషుల దవాఖానకూ నడుమ
ఒకటే గోడ.
గోడల ఒక ఇటుక లేదు.
ఆ సందులకెల్లి నర్సు రిబ్కమ్మ నాకు చాయ్ ఇస్తది,
నేను దూది ఇస్త.
మా రిజిస్టర్లు మాత్రం
ఎన్నడూ ఆ సందుల పట్టలే.

కార్తీకంల నా దాంట్ల రాసుకున్న:
కుర్వ తిమ్మప్ప మంద, సూడి గొర్లు నలభై,
ఈసుకపోయినవి పదకొండు.
అదే కార్తీకంల ఆమె దాంట్ల:
తిమ్మప్ప, యాభై రెండేండ్లు, జ్వరం.
మల్ల, తిమ్మప్ప, జ్వరం, కీళ్ల నొప్పులు.
మల్ల తిమ్మప్పనే.
మలేరియా కాదు. టైఫాయిడ్ గోలీలు మూడు దఫాలు.
పొద్దుగూకంగనే ఎక్కుతది,
తెల్లారేసరికి చెమటై దిగుతది,
గొంగడి పిండితే నీళ్లు కారుతయి.
కృష్ణ ఒడ్డు గాలి తాకిందన్నరు కొందరు.
బీరప్ప మొక్కు బాకీ ఉందన్నరు.
ఆయనైతే వయసు మీద పడ్డదనుకున్నడు.

పుష్యంల ఒకనాడు
పిల్ల అడ్డం తిరిగిందని ఫోనొస్తే పోయిన.
మాగనూరు అవతల, పత్తి ఏరిన చేన్ల మంద.
తిమ్మప్ప మోకాళ్ల మీద కూసొని
మోచేతి దాంక లోపలికి పెట్టి తీస్తుండు.
వట్టి చేయి.
బొటనవేలు మీద తుమ్మముల్లు గీరిన గాటు,
ఇంకా పచ్చిగనే.
పిల్ల ఊపిరి తియ్యకుంటే
దాని మూతికి తన మూతి ఆనిచ్చి ఊదిండు.
వాళ్ల నాయిన గట్లనే ఊదిండు, ఆయన నాయిన గూడ.
అది లేవలే.

మాయను కుక్క గుంజుకపోయింది, కాలువ దిక్కు.
కాలువల జింకలు నీళ్లు తాగుతున్నయి.
మెలికల కొమ్ముల నల్ల ఇర్రి ఒకటి
తలెత్తి మమ్ముల చూసి
మల్ల వంగింది.
ఒకప్పుడు వాటి బీడు వాటికి, మంద బీడు మందకు.
ఇప్పుడు మిగిలిన పచ్చిక ఒకటే.
మడుగూ ఒకటే.

సవారమ్మ చెంబుతోని ఆయన చేతుల మీద నీళ్లు పోసింది.
"మందకు దిష్టి తగిలింది" అన్నది.
కొంచెం ఆగి, గొంతు తగ్గించి,
"మా కోడలుకు గూడ రెండు నిలవలే మేడం.
పుట్టింటికి తోలిచ్చినం."

దానికి నా రిజిస్టర్ల గడి లేదు.
రిబ్కమ్మ దాంట్ల గూడ లేదు.

పది గొర్ల నెత్తురు సీసలల్ల పట్టుకొని వస్తే
వెనకనే మోపెడు మీద తిమ్మప్ప.
"నాది గూడ సూడు."
"మనుషులది ఈడ చూడరు" అన్న.
"దాని పాలు తాగి పెరిగినోన్ని.
దానికి సూసిన కాడ నాకు సూడరా?"

నేను ఇటుక సందుల మూతి పెట్టి పిలిచిన.
రిబ్కమ్మ సూది పట్టుకొని, గోడ చుట్టూ తిరిగి
మొదటిసారి మా గడప తొక్కింది.

నెత్తురు పేరి, తేట పైకి తేలేదాక కూసున్నం.
తెల్ల పళ్లెం మీద గులాబీ మందు ఒక చుక్క,
తేట ఒక చుక్క.
కలిపి ఊపాలె, మెల్లగ,
చంటిపిల్లను నిద్రపుచ్చినట్టు,
నాలుగు నిమిషాలు.
రోగం లేకుంటే నున్నగ ఉంటది గులాబీ.
ఉంటే ఇరుగుతది, ఉప్పుకల్లు పడ్డ పాల తీరు.

రెండో నిమిషంలనే గొర్రెది ఇరిగింది.
మూడో నిమిషంల తిమ్మప్పది.
పక్కపక్కన రెండు చుక్కలు.
సీస మీది చీటీ చూస్తే గాని
ఏది ఎవలిదో తెలువదు.

ఆరు వారాల గోలీలు, నడుమ ఆపొద్దని రిబ్కమ్మ.
లోతుగ గొయ్యి తవ్వు, సున్నం పొయ్యి,
పాలు కాగబెట్టనిది ముట్టొద్దని నేను.
ఆయన మా ఇద్దరి మాటా వింటలేడు.
"అయితే తప్పు ఆ పిల్లది కాదన్నట్టు..."
అనుకుంట రుమాలు దులిపి
మల్ల అదే రుమాలు చుట్టుకున్నడు.

ఆమెది గూడ చూస్తేనే చెప్పొస్తదన్న.
తోలుకొస్త అన్నడు.
ఎట్ల పిలవాల్నో మాత్రం
మమ్ముల అడిగినట్టే నిలబడ్డడు శానాసేపు.

వాళ్లు పోయినంక తలుపు దగ్గరికేసిన.
తొమ్మిదేండ్లాయె ఈ కొలువుల.
గ్లౌసుల డబ్బా ఏడాదికి ఒకటి వస్తది, రెండు నెలలకు ఒడుస్తది.
ఎడమ తుంటి ఎందుకు గుంజుతదో
నేను ఎవరినీ అడగలే.
సందులకెల్లి చేయి చాపిన.
"చాయా?" అన్నది రిబ్కమ్మ.
"కాదు, సూది."

పళ్లెం మీద మూడో చుక్క.
ఊపుతున్న.