రెండు గంటలు

ఒక గంట కొడితే ఆగాలె,
రెండు గంటలు కొడితే పోవాలె.
ఇరవై నాలుగేండ్లు దేవరకొండ డిపోల
తాడు గుంజింది నేను,
బండి నడిపింది ఇంకొకరు.

దారి నాకెప్పుడూ ఎదురుంగ కనపడలే.
పక్క కిటికీలల్ల తునకలు తునకలుగ కనపడ్డది,
నిలబడ్డోళ్ళ చంకల సందుల నుంచి కనపడ్డది.
తవక్లాపూర్ అంటే నాకు ఊరు కాదు,
స్టేజీ. చిల్లర బాకీ గుర్తొచ్చే జాగ.
మలుపు ఎటు తిరుగుతదో కండ్లకు తెల్వది,
నడుముకు తెలుసు.

రిటైరైన నాడు శాలువ కప్పిండ్రు,
గోడ గడియారం ఇచ్చిండ్రు.
పైసలు మాత్రం ఏడు నెలలకు వచ్చినయ్.
రెండు తులాల గొలుసు చేయించుకో,
మిగిలింది బ్యాంకుల ఎయ్యి, అన్నది ఆడబిడ్డ పెంటమ్మ.
నేను మిర్యాలగూడ పోయి
కంటి పరీక్షల వ్యాను కొనుక్కొచ్చిన.

పద్నాలుగేండ్ల బండి. ఊరూరు తిరిగి
ముసలోళ్ళ కండ్లల్ల లైటు కొట్టి కొట్టి అలిసిపోయి
రైసు మిల్లు వెనుక టైర్లు దిగి పడున్నది.
లోపలి గోడకు అక్షరాల అట్ట అట్లనే ఉన్నది,
పైన అరచెయ్యంత 'గ', కింద చీమ తలంత 'ర'.
పీకేస్తనన్నడు అమ్మేటాయన.
ఉండనియ్యి, అన్న.

వెల్డింగ్ షాపు నర్సిరాములు మంచం చేసిండు,
పొయ్యికి అరుగు చేసిండు,
నెత్తి మీద నీళ్ళ ట్యాంకు పెట్టిండు.
బాత్రూం ఎందుకమ్మా, జాగ దండుగ,
రెండు బియ్యం బస్తాలు పడ్తయ్, అన్నడు.
తమ్మీ, మంచం తీసెయ్, కింద పండుకుంట.
పొయ్యి తీసెయ్, అటుకులు తింట.
అది మాత్రం ముందుగాల కట్టు,
లోపలి గడియ గట్టిగ పెట్టు.

నడుపుడు నేర్పింది ఇమాం అలీ.
పదకొండేండ్లు ఒక్క బండి మీద డ్యూటీ చేసినం,
ఆయన వీపు నాకు తెలుసు, మొహం అంతగ తెల్వది.
పత్తి అయిపోయిన మార్కెట్ యార్డుల
పొద్దుగాల రెండు గంటలు.
క్లచ్చు ఇడువు అంటే ఇడుస్త,
బండి మేక లెక్క ఎగురుతది.
గేరు వెయ్యి అంటే
చెయ్యి చంకల సంచి కోసం ఎతుకుతది.
రివర్సుల అద్దం చూడు అంటే
తల బయట పెట్టి రానీ రానీ అని
నాకు నేనే ఒర్లుకుంట.
కాటా గది గోడకు ఒక సొట్ట పెట్టిన.
ఇప్పటికీ ఉన్నది, పోయి చూస్కోవచ్చు.

అసలు తిప్పలు వేరే.
తాళం తిప్పుత, ఇంజను లేస్తది,
బ్రేకు మీదికెళ్ళి కాలు రాదు.
ఏమైందక్కా?
ఎవరన్న రైట్ అనాలె గద భాయ్.
ఆయన కాసేపు ఏమనలే.
జేబుల నుంచి తాళాల గుత్తి తీసి
డ్యాష్‌బోర్డు మీద కొట్టిండు, టంగ్ టంగ్.

నల్లగొండ ట్రాకు మీద ఎనిమిది అంకె తిప్పమన్నరు.
మొదటిసారి సున్న తిప్పిన, ఫెయిలు.
రెండోసారి, అరవై దాటినంక ఎందుకమ్మా, అన్నడు ఇన్స్పెక్టరు.
పెద్దోళ్ళకు రాయితీ ఉంటది గద సార్, అన్న.
నవ్వలే. కానీ సంతకం పెట్టిండు.

మొదటి రాత్రి డిండి ప్రాజెక్టు కాడ,
చేపలు వేయించే బండ్ల పక్కన.
ఇంజను ఆపినంక చెవులు గుయ్యిమన్నయ్.
మంచం మీద నుంచి చూస్తే అట్ట మీద
ఐదో వరుస దాక కనపడ్డది, ఆరోది మసక.

డ్యూటీ రోజులల్ల నీళ్ళు లెక్క పెట్టుకుని తాగేది.
పొద్దున ఐదింటికి రెండు గుటకలు,
అచ్చంపేట పోయి తిరిగి డిపో చేరినంక చెంబు.
బండి ఆగితే డ్రైవరుకు తుమ్మ చెట్టున్నది,
నాకు తల వంచుకుని నింపనీకి ఎస్సారు కాగితమున్నది.
మూత్రంల రాళ్ళున్నయని డాక్టరు చెప్పినప్పుడు
స్టేజీకొకటి అనుకున్న.

ఆ రాత్రి ఒక చెంబు తాగిన. ఇంకో చెంబు తాగిన.
నడిజాముల మెలకువ వచ్చింది.
నాలుగడుగులు.
గడియ పెట్టుకున్న.
బయట శ్రీశైలం రోడ్డు మీద లారీలు పోతున్నయ్,
ఒక్క హారను గూడ నా కోసం కాదు.