ముల్లు డెబ్బై కాడ

గేట్లు దించి రెండు దినాలైంది.
బీచుపల్లి వంతెన దిగువన కృష్ణ
ఇంకా తైదంబలి రంగులనే ఉంది,
ఇంకా ఉరుకుతనే ఉంది.
దాంట్ల కుర్మన్న మోటరు:
ఏడున్నర హార్స్‌పవరు, సగం అప్పు మీదిది.

సవారన్న ముందుగాల నీళ్లల్ల దిగలే,
ఫోను పట్టిండు.
"జూరాల కాడ పొద్దూకిందాంక ఇడువరు గదా సారూ?
పక్కానా?"
రెండుసార్లు అడిగిండు.
ఒక గడ్డిపోచ ఏట్లేసి
అది బండ దాటేదాంక అంకెలు లెక్కవెట్టిండు.
"దిగొచ్చు," అన్నడు, "కొట్లాడొద్దు."

ఎగువ బండకు తాడు. తాడుకు మా నడుముల కొక్కేలు.
దిగువకు నూరు గజాలల్ల హుస్సేను పుట్టి,
ఒకవేళ ఏరు మమ్ముల ఎత్కపోతె
ఏరుకునేతందుకు.

"పైన ఏరు గుర్రం, పార్వతాలూ,
అడుగున ముసలి ఎద్దు.
ముక్కు పట్టి చెవులూదుకుంట
తాడెంబడి కిందికి పో.
బండల ఎనక దానికి గూడ అలుపే.
తల పక్కకు తిప్పకు, అద్దం ఊడగుంజుతది.
ఉడుకు చాయ ఊదినట్టు ఊపిరిడువు.
ఆయాసమొస్తె పని బందువెట్టి బండను పట్టుకో.
ఆడ ఎవ్వలూ చూడరు, సిగ్గేంది."

వీపు మీద బుడ్డి. కుర్మన్నకు అది గ్యాసుబుడ్డి.
"బిడ్డా, పేలదు గదా?"

పన్నెండు మీటర్లు.
నా చెయ్యి నాకు మోచేతి దాంకనే కనవడ్తున్నది.
ఒళ్లంత ఎదురు తిరిగింది,
కాళ్లు వాటంతట అవే తన్నుకున్నయి.
అప్పుడు చాయ యాదికొచ్చింది.
ఊదిన. మల్ల ఊదిన.
జెల్ల లెక్క పొట్ట ఇసుకకానిచ్చిన.
ఏరు నా మీదికెల్లి పోయింది,
నన్ను గాదు, ఇంకెవల్నో ఎతుక్కుంట పోతున్నట్టు.

తాడు మీద సవారన్న ఒక గుంజు: మంచిదా?
నాది ఒక గుంజు: మంచిదే.

బండ సందుల పైపు దొరికింది.
పైపెంబడి పోతె మోటరు, ఇసుకల మెడదాంక.
దాని పలక మీది అచ్చరాలు
ఏళ్లతోటి చదివిన.
కొండి తగిలిస్తె అయిపోవు.
చూస్తె, ముల్లు డెబ్బై కాడ.

డెబ్బైకి మర్లాలె. ఒడ్డున అనుకున్న మాట.
ఇంకో రెండు నిమిషాలు, అన్నది నా చెయ్యి.
మూడు గుంజులు, అన్నది తాడు.

ఐదు మీటర్ల కాడ ఆగినం.
గుర్రం మల్ల లేచింది.
తాడుకు ఇద్దరం జెండాలమై
మూడు నిమిషాలు ఊగినం.
నాకు ఏడుపొచ్చింది.
అద్దంల ఏడిస్తె తుడుసుకోరాదు.

ఒడ్డున కుర్మన్నకు చెప్పేతందుకు
మాటలు ఏర్కుంటున్న.
మోటరున్నది, రేపు...
ఆయన ఇంటలేడు.
"రెండు జాగలల్ల బుగ్గలొస్తుండె బిడ్డా,
లెక్కవెడ్తనే ఉన్న.
నడుమ రెండూ ఒక్కటయ్యె.
ఒకలే మిగిలిండ్రనుకున్న.
గప్పుడు మోటరు సంగతే యాదిలేదు నాకు,"
అని మూట ఇప్పిండు.
జొన్నరొట్టెలు, గోకరకాయ కూర.

సవారన్న అప్పటికే
రేపు ఏ పూట ఇడుస్తరని
ఫోన్ల అడుగుతుండు.