తరుగు

ఆదోని పత్తి యార్డు గేటెదురుగా
జెరాక్సు అంగడి. పైన రేకులు, లోపల మిషను వేడి.
స్టూలు మీది దూదిపింజలు ఉఫ్‌మని ఊది
కూర్చోమన్నాడు కాశింపీరా.
నా సంచిలో ఇరవై ఆరు ప్రశ్నలు,
మా గైడు మూడుసార్లు దిద్దిన తెలుగు.

"మీ వృత్తిలో మీరు అనుభవిస్తున్న స్వేచ్ఛను
ఒకటి నుంచి ఐదు లోపు సూచించండి."

చదివి వినిపించాక నాకే సిగ్గేసింది.
ఆయన మాత్రం ఆలోచించాడు.
ఎవరిదో ఆధార్ రెండు వైపులా తీసిచ్చి
చిల్లర లెక్కపెట్టి
"ఏ కాటా మీద మేడమ్?" అన్నాడు.

"ఆ యార్డులో చూడండి. రైతు పత్తి తెస్తాడు.
చెయ్యి పెట్టి తేమ అంటారు, తరుగు తీస్తారు.
పుల్ల ఉందంటారు, తరుగు.
గోతం బరువంటారు, ఇంగో తరుగు.
నా వార్తా అట్లే పోతాది.
పోయిన కార్తీకంలో జిన్నింగు మిల్లులో ఒక పిల్ల,
తొమ్మిదో తరగతి. ఓణీ బెల్టుకు సుట్టుకొని
కుడిచెయ్యి మోచేతి కాడికి పోయింది.
రాసి పంపితే
మిల్లు పేరు జిల్లా డెస్కులో రాలిపాయె.
పిల్ల వయసు యాడ రాలిందో తెలీదు.
పొద్దున పేపర్లో సూస్తే
'కార్మికురాలికి స్వల్ప గాయం', మూడు లైన్లు.
పక్కనే మిల్లు ఓనరు పుట్టినరోజు, అరపేజీ, రంగుల్లో.
ఆ యాడ్ తెచ్చిందీ నేనే మేడమ్.
నూటికి పదైదు నాకు.
జీతమని యాడుంది మాకు?"

ఒకటికీ రెండుకీ నడుమ చుక్క పెట్టుకోమన్నాడు.
తర్వాత కర్నూల్లో సాఫ్ట్‌వేరు
ఆ చుక్కను ఒప్పుకోలేదు.

వాళ్ల తాత విల్లు భుజాన వేసుకొని
ఊరూరా పరుపులకు దూది ఏకేవాడట.
"నారి టంగుమంటే
మట్టీ గింజా కింద పడతాయి, తెల్లంది పైకి లేస్తాది.
నేనూ అదే పని అనుకొంటి."

పేపరు కాదన్నది ఫోన్లో పెట్టాడు.
పిల్ల తల్లి మాట్లాడింది, పదకొండు నిమిషాలు.
మూడోరోజుకు బూడిదరంగు తెర:
"ఈ వీడియో మీ ప్రాంతంలో అందుబాటులో లేదు."
"మా ప్రాంతంలోనే గదా మేడమ్ జరిగింది?"
కువైట్ నుంచి బామ్మర్ది ఫోన్ చేశాడట,
ఈడ బాగా కనపడతాంది బావా,
ఆయమ్మ ఏడుస్తాంది, అని.
స్టేషనుకు పిలిచి ఫోను తీసి పెట్టుకున్నారు.
రసీదు అడిగితే
"నీ అంగట్లో జెరాక్సు తీసుకోపో" అన్నారట.

ఇదంతా నా మూడో అధ్యాయంలో
"భౌగోళిక నిరోధం" కింద వచ్చింది.
రెండున్నర వాక్యాలు.
తేమ కింద తీశానో, పుల్ల కింద తీశానో.

చివర్న సమ్మతి పత్రం.
"మీ పేరు ఎక్కడా రాదు,
పదిహేడో వ్యక్తి అని మాత్రమే ఉంటుంది, మీ భద్రత కోసం."
వరమిస్తున్నట్టే చెప్పాను.

అంతసేపూ మీరు అన్న మనిషి
"ఇరవై రెండేండ్లు రాసినా.
ఒక్కనాడూ పేరు పడలే. 'మా విలేకరి', అంతే.
నువ్వూ తీసేస్తావా మేడమ్?" అన్నాడు.

మిషను ఏదో కాగితాన్ని నములుతూ ఆగింది.
మూత తెరిచి, ముక్కలు ఏరి, మళ్లీ మూశాడు.

పేరు పడితే ఏమవుతుందో
నాకంటే ఆయనకే బాగా తెలుసు. సంతకం పెట్టాడు.
ఇంటిపేరు, నాయన పేరు, తన పేరు, ఊరు, పిన్‌కోడు,
ఇచ్చిన గీత చాలక మార్జిను ఎక్కి దిగింది.
బాల్‌పెన్ను ఎంత అదిమాడంటే
కాగితం తిప్పి రాస్తే వేలికి తగులుతుంది.

అది ఇప్పుడు డిపార్ట్‌మెంటు బీరువాలో, కింది అరలో ఉంది.
ఐదేళ్లకు చించెయ్యాలని రూలు.

మొదట్లో కాశింపీరా అన్నాను చూడండి,
అది నేను పెట్టిన పేరు.