ఏడో గడి

నింగన్ దాటి పడమటికి నలభై కిలోమీటర్లు.
తారు అయిపోయాక ఎర్రదుమ్ము,
దుమ్ములోంచి ఒక గేటు,
గేటుకి వేలాడే తుప్పు పట్టిన నాగటి కర్రు,
దాని మీద తెల్లరంగుతో: క్విన్లన్.

నా పని చిన్నది.
పిడికెడు మట్టి తడిపి, బొటనవేలితో నొక్కి
రిబ్బన్‌లా సాగదీసి
తెగేలోపు ఎంత పొడవొచ్చిందో కొలవడం.
అయిదు సెంటీమీటర్లు సాగితే మంచి నేల.
రెండు దాటకపోతే నాసిరకం.
నాసిరకమైతే మినహాయింపు.

పొలంలో మూడో వంతుకు మించి
అడవి ఖాతాలో వెయ్యకూడదని
చట్టం ఒక గీత గీసింది.
గీత పక్కనే చిన్న తలుపూ పెట్టింది:
పంట పండదని రుజువైతే
మొత్తం రాసుకోవచ్చు.
ఇక్కడి చెట్లు మింగిన పొగకి
సిడ్నీలో ఎవరో ధర కడతారు,
ఎక్కడో ఎగిరే విమానం పద్దులో జమ వేస్తారు.

నేల గురించి అబద్ధాలు నాకు కొత్త కాదు.
నంద్యాల రిజిస్ట్రారాఫీసు వరండాలో
చౌడుని రేగడి అన్నవాళ్లని విన్నాను,
ఎండిన బోరుని ఏరు అన్నవాళ్లని విన్నాను.
తన నేల చెడ్డదని ఒట్టు పెట్టడానికి
మనిషి ఇస్త్రీ చొక్కా తొడుక్కుని ఎదురు రావడం
ఈ ఉద్యోగంలోనే చూశాను.

నెరిడా క్విన్లన్ చొక్కా ఇస్త్రీ లేదు.
ఉన్ని కత్తిరించే కొట్టంలోంచి అలాగే వచ్చింది,
చేతులనిండా గొర్రెల జిడ్డు.
వెనక బీడు చూపించింది. గులకరాళ్లు,
మధ్యలో వాటంతటవే లేస్తున్న మల్గా మొక్కలు.
వాటికే ఫారమూ అక్కర్లేదు.
సెంటీమీటరున్నరకే తెగింది మట్టి.
ఇద్దరం ఊపిరి పీల్చుకున్నాం.

టీ ఇచ్చింది.
ఫ్రిజ్ మీద బ్యాంకు ఉత్తరం, పైన గులాబీరంగు గాలా పిట్ట అయస్కాంతం.
పోయినేడు దాకా స్కూలు బస్సు ఈ గేటు దాకా వచ్చేదట.
పక్క పొలం, ఆ పక్క పొలం అడవి ఖాతాకెక్కాక
ముగ్గురు పిల్లల కోసం ఇంత దూరమెందుకని
మలుపు దగ్గరే వెనక్కి తిరుగుతోందట.
"చెట్లని తిట్టడం లేదు," అంది, "చెట్లకేం తెలుసు."

ముందు పొలంలో
మట్టి నా వేళ్లు వదల్లేదు.
సాగింది. ఇంకా సాగింది.
కుబుసంలా వేలాడింది.
నెరిడా నా చేతుల్ని కాక కంచెని చూస్తూ అంది:
"దీనికి మా నాన్న పెట్టిన పేరు డచెస్.
కరువు తెగిన ఏడు ఇక్కడ గోధుమలో నేను తప్పిపోయాను.
అరుపు వినబడుతోంది గానీ పిల్ల కనబడలేదట."

స్కేలు తియ్యలేకపోయాను.
రిబ్బన్ తీసుకెళ్లి కారు డాష్‌బోర్డు మీద పెట్టొచ్చి
ఫారం తెరిచాను. ఏడో గడి:
ఈ భూమి సాగుకు పనికిరాదు. అవునా, కాదా?

"పనికిరాదనే రాయి," అంది.
"నాకింకో దారి లేదు.
కానీ దాని మీద నిలబడి రాయకు.
గేటు దాటాక, కార్లో కూర్చుని రాయి."

గేటు దాటాను. ఆపాను.
డాష్‌బోర్డు మీద రిబ్బన్
ఎండకి ఎప్పుడు విరిగిందో, రెండు ముక్కలు.
ఒకటి రెండు సెంటీమీటర్లు కూడా లేదు.
ఇంకోటి చాలా పొడుగు.
స్కేలు ఒళ్లో.
పెన్ను మూత పళ్ల మధ్య.
అద్దంలో నెరిడా గేటుకి గొలుసు వేస్తోంది,
వేసి, వెళ్లిపోకుండా
కర్రు మీది దుమ్ము అరచేత్తో తుడుస్తోంది.