కాటా మీద చాప

కత్తి పెట్టేముందు
నలుమాన్సి కాడను ఓసారి వేళ్లతో నొక్కి చూస్తుంది.
ముప్ఫై ఏళ్లు చాపలల్లిన చెయ్యి.
"మంచి సరుకు" అంటుంది, ఎవరితోనూ కాదు.

కంపాలా దిగువన, బ్యాటరీల కార్ఖానా కాలవ
సరస్సులో కలిసే చోట
మనిషికి రెండింతలెత్తు పపైరస్ తుంగ.
పట్టి లాగితే
బురద కారుతూ నల్లటి జడలు పైకొస్తాయి.
సీసమంతా ఆ జడల్లోనే.
పైన కాడ మాత్రం పచ్చగా,
ఏమీ ఎరగనట్టు.

కాడ వేరుగా, వేరు వేరుగా
కాటాలో వేసి నేను అంకె రాసుకుంటాను.
కోసిందంతా సిమెంటు గుంటలోకే.
అల్లకూడదు, పొయ్యిలో పెట్టకూడదు, మేకకు వెయ్యకూడదు.
తుంగ విషాన్ని అరిగించుకోలేదు,
నోట పెట్టుకు కూచుంది, అంతే.
కోయకుండా వదిలేస్తే
చచ్చిన రోజున మళ్లీ నీళ్లలోకే ఉమ్మేస్తుంది.

చాపల బజారు నుంచి ఒకతను వచ్చి
మోపుకింతని బేరమాడాడు.
ఆవిడ వాడివైపు చూడలేదు, మోపులవైపు చూసింది.
చాలాసేపు.

ఓ మధ్యాహ్నం, పడవలో, ఊరికే అన్నాను:
మా భాషలో సీసమంటే ఒక పద్యం కూడా,
పొడుగు పొడుగు పాదాలుంటాయి దానికి.
పడవ అంచు పట్టుకుని పగలబడి నవ్వింది.
నవ్వాగాక అంది:
"అయితే మా మనవడి నెత్తుట్లో ఉన్నది
కాస్త చదివి పెట్టు."

కవీసాకి ఏడేళ్లు.
నిన్న నేర్చిన అక్షరం ఇవాళ గుర్తుండదు.
ఆ పూట నేను అంకెలు రెండుసార్లు తప్పు రాశాను.

మర్నాడు ఆవిడ కత్తి తేలేదు.
చంకలో చాప.
అంచులు పీచు లేచి, నడుమ చిన్న ఒళ్లు పడుకున్నంత మేర
నున్నగా అరిగిపోయి ఉంది.
"వాడు పుట్టిన ఏడు అల్లాను.
ఈ ఒడ్డు తుంగే. అప్పటికి మీరెవరూ రాలేదు."

అడగకుండానే కాటా మీద పరిచింది.
రెండు కిలోల నాలుగొందలు.

కాడలో పెద్దగా ఉండదు, అన్నాను.
"ఎంత ఉండదు?" అంది.

అంచు నుంచి ఒక పోగు కత్తిరించి
గాజు గొట్టంలో వేసి మూత బిగించాను.
చీటీ మీద ఏం రాయమంటావని అడిగితే
మొక్క పేరు చెప్పలేదు, చోటు చెప్పలేదు.
"కవీసా పడుకునేది" అని రాయమంది.